వించెస్టర్ 1873: నాలుగైదు కాల్పుల తర్వాత లివర్ బిగుసుకుపోతోంది, తూటా పైకి రావడం లేదు

కొండపల్లి_కుర్రాడు

సభ్యులందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో ఆస్టిన్‌కు దగ్గరలో ఉంటాను. ఇటీవల ఇక్కడి ఒక వేలంలో వించెస్టర్ 1873 రైఫిల్ కొన్నాను. క్యాలిబర్ .44-40. ఎనిమిది పలకల 24 అంగుళాల బ్యారెల్, దాని కింద నిండు పొడవున మ్యాగజైన్ గొట్టం (తూటాలు వరుసగా నిలవ ఉండేది) ఉన్నాయి. పైన జారే దుమ్ము మూతకు పట్టాలు రిసీవర్‌లోనే (యంత్రభాగాలు ఉండే లోహపు పెట్టెలోనే) కలిపి మలిచి ఉన్నాయి కనుక ఇది మూడో రకమనీ, క్రమసంఖ్యను బట్టి 1880ల చివరలో తయారైనదనీ నిర్ధారించుకున్నాను. 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకులను 1968 నాటి సమాఖ్య చట్టం పురాతన వస్తువులుగా లెక్కిస్తుంది కాబట్టి ఇది ఆ కోవలోకే వస్తుంది.

సమస్య ఇది. పౌడర్, దాన్ని అంటించే ప్రైమర్ లేని డమ్మీ తూటాలతో ఇంట్లో లివర్ (ట్రిగ్గర్ దగ్గర కిందికీ పైకీ ఆడించే పిడి) ఆడిస్తే మ్యాగజైన్ నిండుగా ఉన్నా అన్నీ వరుసగా, ఎక్కడా తగలకుండా వస్తున్నాయి. రేంజ్‌కు తీసుకెళ్లి అసలు తూటాలతో కాలిస్తే మాత్రం మొదటి నాలుగైదు చక్కగా వచ్చి, ఆ తర్వాత లివర్ బిగుసుకుపోతోంది. తూటాలు రైఫిల్‌తో పాటు వేలంలో వచ్చిన పెట్టెలోవి, ఎవరో చేతితో నింపినవి. స్ప్రింగు బలహీనపడిందా, లేక క్యారియర్ (మ్యాగజైన్ నుంచి వచ్చిన తూటాను పైకెత్తే భాగం) అరిగిందా? ఇంత పాత వస్తువు మీద చేయి వేసే ముందు తెలిసినవారి మాట వినాలని రాస్తున్నాను.

పాత_ఇనుము

కుర్రాడు గారూ, చేయి వేయకముందే అడిగారు, చాలా సంతోషం. కారణం వెతికే ముందు ఒక ప్రశ్నకు కచ్చితమైన జవాబు కావాలి: లివర్ కిందికి తెరిచేటప్పుడు ఆగుతోందా, పైకి మూసేటప్పుడు ఆగుతోందా? మూసేటప్పుడు ఆగితే తూటా చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చోటికి, దూరడం లేదని అర్థం. అప్పుడు చాంబర్‌లో పేరుకున్న మసి, లావెక్కిన బుల్లెట్, నలిగిన కేసు (తూటాలో పౌడర్ ఉండే ఇత్తడి గొట్టం) మెడ వంటివి చూడాలి. తెరిచేటప్పుడు, అదీ చివరి భాగంలో ఆగితే, క్యారియర్ పైకి లేవలేకపోతోందని అర్థం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

మరో మాట. బిగుసుకున్న లివర్‌ను బలవంతంగా లాగకండి. బ్యారెల్‌ను భద్రమైన దిశలోనే ఉంచి, ముఖం గాని చేయి గాని గొట్టాల మూతి ముందుకు రానీయకుండా, మ్యాగజైన్ గొట్టం కొసన ఉన్న మూత స్క్రూ విప్పండి. మూతను వేలితో అదిమి పట్టుకొని మెల్లగా వదలండి, స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరి వస్తుంది. స్ప్రింగు, ఫాలోయర్ (స్ప్రింగుకూ తూటాలకూ మధ్య ఉండే బిళ్ల), తూటాలు ముందు వైపు నుంచే బయటికి తీయవచ్చు. ఒత్తిడి పోయాక లివర్ చాలాసార్లు తనంతట తానే వదులవుతుంది.

బాపట్ల_బుల్లోడు

నా దగ్గర మార్లిన్ కంపెనీ లివర్ రైఫిల్ ఉంది, అచ్చం ఇదే ఇబ్బంది వచ్చింది. లివర్ ముందు భాగంలోని వాడి అంచు క్యారియర్ అడుగును కోసుకుంటూ పోయి అక్కడ చిన్న గాడి పడింది. దాంతో క్యారియర్ ఆలస్యంగా లేచి, రెండో తూటా దాని కిందికి జారి అంతా బిగుసుకుపోయేది. లివర్ అంచును సన్నని రాయితో కొద్దిగా గుండ్రం చేసి, క్యారియర్ అరిగిన చోట లోహం నింపించాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆగలేదు. మీరూ క్యారియర్ అడుగు చూడండి, అవసరమైతే కార్ట్రిడ్జ్ స్టాప్‌ను (తర్వాతి తూటాను ఆపే భాగాన్ని) కూడా కొంచెం వంచి సరిచేయవచ్చు.

శారద_డల్లాస్

బుల్లోడు గారూ, మార్లిన్ విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని అందరూ మార్లిన్ జామ్ అనే పిలుస్తారు. అయితే ఆ సలహా 73కి, అంటే ఈ 1873 మోడల్‌కు, వర్తించదు. మార్లిన్‌లో క్యారియర్ వెనక కొసన ఇరుసు మీద తిరుగుతూ ముందు కొసను పైకెత్తుతుంది. 73లో క్యారియర్ ఒక ఇత్తడి దిమ్మ. అది రిసీవర్‌లోని నిలువు గాడిలో తిన్నగా పైకి లేచి తిన్నగా కిందికి దిగుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 మోడల్‌లో తూటాను ఆపడానికి విడిగా ఒక స్టాప్ ఉంది. 73లో అటువంటి భాగమే లేదు, కాబట్టి వంచడానికీ ఏమీ లేదు.

మరి రెండో తూటాను ఆపేది ఏమిటంటే, క్యారియర్‌లో ఉన్న మొదటి తూటాయే. మ్యాగజైన్ స్ప్రింగు తోయగా మొదటి తూటా క్యారియర్‌లోకి వచ్చి, దాని అడుగు వెనక గోడకు ఆనుకుంటుంది. దాని ముక్కు క్యారియర్ ముందు అంచుతో దాదాపు సమంగా నిలుస్తుంది. రెండో తూటా రిమ్ (అడుగున చుట్టూ ఉండే అంచు) ఆ ముక్కుకు తగిలి మ్యాగజైన్ మూతి దగ్గర ఆగిపోతుంది. అందువల్ల ఈ రైఫిల్‌లో తూటా పొడవు కూడా యంత్రంలోని ఒక కొలతే. పొడవు ఎక్కువైతే మొదటి తూటా ముక్కు మ్యాగజైన్‌లోకి పొడుచుకొని ఉండి క్యారియర్ లేవదు. తక్కువైతే రెండో తూటా రిమ్ క్యారియర్‌లోకి చొరబడుతుంది, అప్పుడూ లేవదు. నేను కౌబాయ్ పోటీల్లో ఈ మోడల్ కొత్త నకలును వాడుతుంటాను. తూటా ఆగిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ పొడవు తేడా వల్లే వచ్చాయి.

లేత్_మాస్టారు

నేను హైదరాబాదులో టర్నర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటూ ఇప్పుడు హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. శారద గారు చెప్పినది విన్నాక నా సలహా ఒక్కటే: కొలత తేలేదాకా ఆకురాయి పెట్టెలోంచి బయటికి రాకూడదు. ఇత్తడి దిమ్మ మీద ఒక్కసారి రాస్తే పోయిన లోహం తిరిగి రాదు, వస్తువు విలువా పోతుంది.

లోపల చూడాలంటే ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చాంబర్, క్యారియర్, మ్యాగజైన్ మూడు చోట్లా చూసుకోండి. రిసీవర్ రెండు పక్కల పలకలనూ ఒక్క స్క్రూయే పట్టి ఉంచుతుంది. ఆ స్క్రూ గాడికి నిండుగా సరిపోయే, అంచులు సమాంతరంగా ఉన్న స్క్రూడ్రైవర్ లేకపోతే దాన్ని ముట్టుకోకండి. ఇంట్లో దొరికే ఏటవాలు మొన ఉన్నది గాడిని చెడగొడుతుంది. నూనె వేసి ఒక రాత్రి వదిలేయడం మంచిది. పలక బిగిసి ఉంటే కింద ఏదైనా దోపి పెకలించవద్దు, చెక్క సుత్తితో రిసీవర్ మీద మెల్లగా తట్టితే అదే వదులవుతుంది. బయటికి వచ్చాక క్యారియర్ ముందు పెదవి, గాడి గోడలు, క్యారియర్‌ను ఎత్తే చేయి, దాని పలక స్ప్రింగు చూడండి. ఇత్తడి ఎక్కడ మెరుస్తుంటే అక్కడ ఏదో రాసుకుంటోందని అర్థం. ఏం కనిపించిందో కనిపించినట్లు రాయండి.

కొండపల్లి_కుర్రాడు

మాస్టారూ, శారద గారూ, పాత_ఇనుము గారూ, ధన్యవాదాలు. మీరు చెప్పిన క్రమంలోనే చూశాను.

లివర్ ఆగుతున్నది తెరిచేటప్పుడే. కిందికి చాలావరకు హాయిగా వచ్చి, బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) పూర్తిగా వెనక్కి వెళ్లాక, క్యారియర్ లేవాల్సిన చోట గట్టిగా ఆగుతోంది. ఖాళీ కేసు అప్పటికే చాంబర్ నుంచి బయటికి వచ్చి బోల్ట్ ముఖాన వేలాడుతోంది. బిగుసుకున్నప్పుడు రెండో స్థానంలో ఉన్న తూటాను విడిగా తీసి పెట్టుకున్నాను. దాని రిమ్ కింది వైపున నెలవంక ఆకారంలో ఒక నొక్కు పడి ఉంది, గోరు పెడితే తగులుతోంది. పక్క పలకలు తీశాక చూస్తే క్యారియర్ గాడి అడుగున, సరిగ్గా ముందు పెదవి మీద, గోధుమ గింజంత మేర ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. మిగతా దిమ్మంతా ముదురు రంగులోనే ఉంది. దిమ్మ అడుగున క్యాలిబర్ ముద్ర స్పష్టంగా ఉంది. ఎత్తే చేయి, పలక స్ప్రింగులు పగలలేదు. క్యారియర్ వేలితో ఎత్తితే ఎక్కడా పట్టకుండా లేచి దిగుతోంది.

మ్యాగజైన్ స్ప్రింగు మాత్రం పాతది కాదు. నిగనిగలాడే కొత్త తీగ, చాలా బిరుసుగా ఉంది. గొట్టం నుంచి తీస్తే జానెడు కంటే బాగా ఎక్కువ పొడవు బయటికి వచ్చింది. పెట్టెలో మిగిలిన తూటాల పొడవు వెర్నియర్‌తో కొలిస్తే 40.4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంది. అంటే పొడవు సరిగానే ఉన్నట్లు కదా?

పాత_ఇనుము

మీరు గమనించిన ఆ రెండు గుర్తులు చాలా విలువైనవి. రిమ్ కింది వైపు నొక్కు, క్యారియర్ ముందు పెదవి మీద మెరుపు కలిపి చూస్తే, రెండో తూటా రిమ్ క్యారియర్‌లోకి చొరబడి ఉండగా క్యారియర్ దాన్ని కింది నుంచి ఎత్తబోయిందని తేలుతోంది. తూటా ఒడలు మ్యాగజైన్ మూతిలో ఉండిపోతుంది కనుక అది లేవదు, లివర్ అక్కడే ఆగుతుంది. ఇక క్యారియర్‌నూ దాని స్ప్రింగునూ అనుమానించాల్సిన పని లేదు. మిగిలిన ప్రశ్న, పెట్టెలో సరైన పొడవున్న తూటా తుపాకిలో ఎందుకు పొట్టిదవుతోంది? తూటాల_పెట్టె గారు వస్తే దీనికి జవాబు చెప్పగలరు.

తూటాల_పెట్టె

పిలిచినందుకు వచ్చాను, పెట్టెలో కొలిచిన కొలత ఇక్కడ చాలదు. పొడవు తుపాకిలోకి వెళ్లాక మారుతోంది.

.44-40 తూటాకు గరిష్ఠ పొడవు 1.592 అంగుళాలు, అంటే మీరు కొలిచిన 40.4 మిల్లీమీటర్లే. దాని కేసు మెడ దగ్గర ఇత్తడి కాగితమంత పలచన, కనుక బుల్లెట్‌ను గట్టిగా పట్టి ఉంచే బలం దానికి తక్కువ. 1873లో ఈ తూటా పుట్టినప్పుడు 200 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) బుల్లెట్ కింద 40 గ్రెయిన్ల నల్ల గన్‌పౌడర్ కేసు నిండా దట్టించి ఉండేది. వెనక్కి జరగడానికి బుల్లెట్‌కు చోటే లేదు, పౌడరే దాన్ని ఆపేది. అందుకే ఆ కాలపు బుల్లెట్ అచ్చుల్లో కేసు అంచును మడిచి బిగించడానికి గాడి కూడా లేకుండా తయారైనవి ఉన్నాయి. పొగలేని పౌడర్ వచ్చాక కథ మారింది. అది కేసులో కొద్ది భాగాన్నే ఆక్రమిస్తుంది, బుల్లెట్ కింద ఖాళీ మిగులుతుంది. కంపెనీల వారు అప్పుడు ఏం చేశారంటే, బుల్లెట్ అడుగు ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడ కేసు చుట్టూ లోపలికి ఒక గాడి నొక్కారు. నా దగ్గరున్న పాత వించెస్టర్ తూటాల్లో ఆ గాడి వేలికి తగులుతుంది. నేటి కేసుల్లో సాధారణంగా అది ఉండదు.

ఇప్పుడు మీ రైఫిల్‌కు వద్దాం. మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని ముక్కుకు ఒకటి ఆని నిలబడతాయి. కాల్చిన ప్రతిసారీ తుపాకి వెనక్కి తన్నినప్పుడు ఆ వరుస మొత్తం కుదుపుకు గురవుతుంది. బుల్లెట్ సరిగా బిగించి లేకపోతే ప్రతి కుదుపుకూ కొంత లోపలికి కుంగుతుంది. మొదటి తూటాలు తక్కువ కుదుపులు తిని బయటపడతాయి, వెనక వచ్చేవి ఎక్కువ తింటాయి. మీకు నాలుగైదు కాల్పుల తర్వాతే ఎందుకు ఆగుతోందో, డమ్మీలతో ఇంట్లో ఎందుకు ఆగడం లేదో రెండింటికీ ఇదే కారణమని నా అభిప్రాయం. ఆ బిరుసు స్ప్రింగు దీనికి తోడై పని ఇంకా చెడగొడుతోంది.

దీన్ని రుజువు చేయడానికి మళ్లీ కాల్చనక్కరలేదు. లివర్ బిగిసినప్పుడు మ్యాగజైన్ నుంచి ముందు వైపుగా తీసిన తూటాలు మీ దగ్గర విడిగా ఉంటే వాటిని కొలిచి, ఎన్నో తూటా ఎంత ఉందో వరుస తప్పకుండా రాయండి. ఒకటి గట్టిగా చెబుతున్నాను, అవి మళ్లీ తుపాకిలోకి వెళ్లకూడదు.

కొండపల్లి_కుర్రాడు

వాటిని వేరే డబ్బాలో ఉంచాను, ఇప్పుడే కొలిచాను. తీసిన తూటాల్లో ఒక్కటి కూడా 40 మిల్లీమీటర్లు లేదు. ఎక్కువ భాగం 39 చుట్టూ ఉన్నాయి, రెండు మాత్రం అంతకంటే కూడా తక్కువ. భూతద్దంతో చూస్తే బుల్లెట్ చుట్టూ గ్రీజు గీత కేసు అంచు కిందికి వెళ్లిపోయింది. పెట్టెలోని తూటాల మీద అదే గీత అంచుకు పైన కనిపిస్తోంది. అంచు మడత కూడా నామమాత్రంగా ఉంది.

తూటాల_పెట్టె

ఇక సందేహం లేదు. ఈ తూటా రిమ్ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మొదటి తూటా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు కుంగితే రెండో తూటా రిమ్ దాదాపు పూర్తిగా క్యారియర్‌లోకి వచ్చేస్తుంది. క్యారియర్ కొద్ది తేడాను ఓర్చుకుంటుంది గాని ఇంత తేడాను కాదు.

పరిష్కారం ఇదీ. తూటాలు మీరు నింపినా, తెలిసినవారి చేత నింపించినా, కేసు మెడను బుల్లెట్ కంటే తగినంత సన్నగా నొక్కే డై (అచ్చు) వాడాలి. దాన్ని మళ్లీ తెరిచే ప్లగ్ బుల్లెట్ కంటే 0.002 అంగుళమైనా సన్నగా ఉండాలి. సాధారణంగా వాడే 0.427 అంగుళాల బుల్లెట్‌కు 0.425 ప్లగ్ సరిపోతుంది. బుల్లెట్‌కు మడత గాడి ఉన్నదే ఎంచుకోండి. బుల్లెట్ దించడం ఒక దశలో, అంచు మడవడం మరో దశలో చేయండి. రెండూ ఒకేసారి చేస్తే పలచని మెడ నలిగి, అప్పుడు చాంబర్‌లోకి దూరక మూసేటప్పుడు ఆగే జబ్బు కొత్తగా పట్టుకుంటుంది. నింపిన తూటాను బల్ల అంచుకు ముక్కు ఆనించి బొటనవేలితో బలంగా నొక్కి, ముందూ వెనకా కొలవండి. కొలత కదలకూడదు. బ్యారెల్ లోపలి కొలత పాత వించెస్టర్లలో ఒకదానికొకటి తేడాగా ఉంటుంది కాబట్టి మెత్తని సీసపు ముక్కను బ్యారెల్ గుండా పంపి కొలిచాకే బుల్లెట్ వ్యాసం నిర్ణయించుకోండి.

శారద_డల్లాస్

స్ప్రింగు గురించి నేను చెబుతాను. పాత రైఫిల్ సరిగా తినిపించడం లేదంటే బలమైన స్ప్రింగు వేయడం చాలామంది చేసే పని. ఈ రైఫిల్‌లో స్ప్రింగు చేయాల్సింది చివరి తూటాను క్యారియర్‌లోకి పూర్తిగా తోయడమే. అంతకు మించిన బలం లోడింగ్ గేటు దగ్గర బొటనవేలిని బాధిస్తుంది, బుల్లెట్లను కుంగదీస్తుంది. ఈ మోడల్ కోసం అమ్మే మెత్తని స్ప్రింగు తెచ్చి వేయండి. ఇప్పుడున్నది కొత్త తీగే కనుక దాన్ని మార్చడం వల్ల రైఫిల్ చారిత్రక విలువకు నష్టం లేదు. గొట్టంలో నొక్కులు, తుప్పు ఉన్నాయేమో, ఫాలోయర్ స్వేచ్ఛగా జారుతోందో లేదో కూడా ఈ అదనులోనే చూసుకోండి.

ఇంకో హెచ్చరిక. కొన్ని దుకాణాల్లో .44 అంటే .44 మాగ్నమ్ చూపిస్తారు. అది వేరే తూటా, దాని ఒత్తిడికి ఈ రైఫిల్ తట్టుకోలేదు. అలాగే ఒకప్పుడు 1892 మోడల్ కోసం అధిక వేగపు .44-40 తూటాలు తయారయ్యాయి. కొలతలు ఒకటే కాబట్టి 73లో చక్కగా దూరతాయి గాని దానికి పనికిరావు. పాత పెట్టెలు కొనేటప్పుడు మూత మీది రాతలు పూర్తిగా చదవండి.

లేత్_మాస్టారు

బాబూ, పక్క పలకలు ఎలాగూ విప్పావు కాబట్టి మూసేముందు లింకుల సంగతి కూడా చూడు. ఈ తుపాకిలో బోల్ట్‌ను మూసి ఉంచేది మోకాలులా వంగి సాగే ఆ లింకులే. మూసినప్పుడు అవి తిన్నగా ఒకే వరుసలోకి వస్తాయి, కాల్పు దెబ్బ అంతా లింకుల పిన్నుల మీద పడుతుంది. 1892లో ఉన్నట్లు బోల్ట్‌ను పట్టి ఉంచే నిలువు దిమ్మలు ఇందులో లేవు. తుపాకి ఖాళీగా ఉండగా లివర్ మూసి, బోల్ట్‌ను వేలితో ముందుకూ వెనక్కూ కదిపి చూడు. చేతికి తెలిసేంత ఆట ఉంటే పిన్నులో వాటి రంధ్రాలో అరిగాయని అర్థం. అప్పుడు హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముందు తూటాకు ఉండే చోటు కొలత) గేజి పెట్టి కొలిచే తుపాకి మేస్త్రికి చూపించకుండా కాల్చవద్దు. ఆట లేకపోతే శుభ్రం చేసి, పలచగా నూనె రాసి మూసెయ్. క్యారియర్ గాడిలో జిడ్డు నూనె పోయకు. నల్ల గన్‌పౌడర్ మసి దానితో కలిసి ముద్దకట్టి దిమ్మ కదలిక మందగిస్తుంది.

బాపట్ల_బుల్లోడు

శారద గారూ, వివరణకు ధన్యవాదాలు. ఒక సందేహం. క్యారియర్ ముందు పెదవిని కొంచెం ఏటవాలుగా రాస్తే రెండో తూటా రిమ్ తనంతట తానే వెనక్కి, మ్యాగజైన్‌లోకి జరగదా? కొత్త నకళ్లలో కొందరు అలా చేయించుకుంటున్నారని విన్నాను.

పాత_ఇనుము

పోటీల కోసం పొట్టి తూటాలు వాడాలనుకునేవారు కొత్త నకళ్లలో క్యారియర్‌ను మార్పించుకోవడం ఉన్నదే. అది వారి అవసరం, విడిభాగమూ మార్కెట్లో దొరుకుతుంది. దాదాపు 7 లక్షల 20 వేలు తయారైన మోడల్ అయినా, క్యాలిబర్ ముద్రతో సహా అసలు దిమ్మ చెక్కుచెదరక ఉన్నవి రోజురోజుకూ తగ్గుతున్నాయి. ఇక్కడ తప్పు తూటాది. తూటాను సరిచేయగలిగినప్పుడు దిమ్మను కోయడానికి నేను ఒప్పుకోను. పైగా పెదవి ఏటవాలు చేస్తే కుంగిన తూటా ఆగకుండా చాంబర్‌లోకి వెళ్లిపోతుంది. బుల్లెట్ లోపలికి కుంగితే పౌడర్‌కు మిగిలే చోటు తగ్గి, పొగలేని పౌడర్‌తో ఒత్తిడి పెరుగుతుంది. మాస్టారు చెప్పిన ఆ లింకుల మీదే ఆ భారం పడుతుంది. ఈ సందర్భంలో లివర్ బిగుసుకోవడమే మేలు చేసిందని నేను భావిస్తున్నాను.

కొండపల్లి_కుర్రాడు

అందరికీ పని పూర్తయ్యాక రాద్దామని ఆగాను. బోల్ట్‌లో చేతికి తెలిసే ఆట లేదు, అయినా తుపాకి మేస్త్రి చేత గేజి పెట్టించాను. హెడ్‌స్పేస్ సరిగానే ఉందన్నారు. మెత్తని స్ప్రింగు వేశాను, గొట్టం లోపల పాత గ్రీజు గట్టిపడి ఉంటే శుభ్రం చేశాను. కొత్త కేసులు, మడత గాడి ఉన్న బుల్లెట్లు, చిన్న ప్లగ్ తెచ్చి మా ఊరి రేంజ్‌లో ఒక అనుభవజ్ఞుడి పక్కన కూర్చొని తూటాలు నింపాను. నల్ల గన్‌పౌడర్‌తో కొన్ని, తక్కువ ఒత్తిడి ఉన్న పొగలేని పౌడర్‌తో కొన్ని చేశాము. మ్యాగజైన్ నింపి, సగం కాల్చి, మిగిలినవి ముందు నుంచి తీసి కొలిచాను. నల్ల పౌడర్‌వి వెంట్రుకవాసి కూడా కదలలేదు. రెండో రకంలో ఒకటి మాత్రం స్వల్పంగా కుంగింది. దాని కేసు అంచు మిగతావాటికంటే పొట్టిగా ఉండి మడత సరిగా పడలేదని కొలిస్తే తేలింది. ఆ తర్వాత కేసులన్నీ ఒకే పొడవుకు కత్తిరించి నింపితే మ్యాగజైన్ నిండా పదిహేనూ ఎక్కడా ఆగకుండా వచ్చాయి. క్యారియర్ మీద ఆకురాయి పడలేదు.

తూటాల_పెట్టె

చాలా సంతోషం. కేసులు ఒకే పొడవున కత్తిరించాలన్నది నేను చెప్పవలసిన మాట, మీరే కొలిచి పట్టుకున్నారు. ఇక మిగిలింది వేలంలో వచ్చిన ఆ పాత పెట్టె. కుంగినవే కాదు, కుంగనివి కూడా కాల్చకండి. ఏ పౌడర్, ఎంత వేశారో తెలియని చేతి నింపుడు తూటాను ఏ తుపాకిలోనూ వాడకూడదు, అందులోనూ ఈ వయసున్నదానిలో. బుల్లెట్ ఊడదీసే సుత్తి రేంజ్‌లో ఉంటుంది, అక్కడే ఒక్కొక్కటిగా విప్పించండి. పౌడర్‌ను మళ్లీ వాడటానికి దాచవద్దు. దాన్ని ఎక్కడ పారవేయాలో రేంజ్ వారినే అడగండి. సీసం కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. కేసులు మాత్రం మెడ దగ్గర చీలికలు ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూసి, లేనివే ఉంచుకోండి.